తడి ఆరని సంతకం

తొంభై మూడులో కారిగల్ రగ్బీ లీగ్ జట్టు జిల్లా కప్పు గెలిచినప్పుడు, క్లబ్బువాళ్ళు పదిహేడు మంది ఆటగాళ్ళకీ పదిహేడు కార్డులు అచ్చేయించారు. ముందువైపు ఫైనల్లో తీసిన ఫొటో. వెనకవైపు పేరు, ఎత్తు, బరువు, ఏం పని చేస్తాడో. ఒకడు గనిలో ఎలక్ట్రీషియన్, ఒకడు రొట్టెల బండి డ్రైవరు, ఒకడు బళ్ళో తోటమాలి. ఆ కార్డులు ఇప్పటికీ ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఉన్నాయి, ఏ సొరుగు అడుగునో, మూలలు మడతపడి. సంతకాలతో ఉన్నవి మాత్రం గ్లెన్ పాస్కో ఒక్కడి దగ్గరే ఉన్నాయి. పదిహేడింట్లో పదహారు.

గ్లెన్ ఆ పదిహేడు మందిలో లేడు. ఆ ఏడాది అతను మూడో జట్టువాడు. అందులోనైనా ఎవరికన్నా దెబ్బ తగిలితేనే పిలిచేవాళ్ళు. ఫైనల్ రోజున నీళ్ళ బకెట్టూ స్పాంజీ పట్టుకుని గీత బయట పరిగెత్తాడు. ఏడో నంబరు కార్డులో ఒక మూలన బకెట్టు, దాన్ని పట్టుకున్న మోచెయ్యి కనిపిస్తాయి. ఆ మోచెయ్యి తనదేనని జనానికి చూపించడం పదేళ్ళ కిందటే మానేశాడు.

పదిహేనో ఏట బడి మానేసి కౌన్సిల్ రోడ్డు పనిలో చేరాడు. ఇప్పుడు యాభై నాలుగు. తారు పారతో ఎత్తీ ఎత్తీ కుడి భుజం అరిగిపోయింది. అందుకని ఈ మధ్య ఎక్కువగా బోర్డు పట్టుకుని నిలబడే పనే ఇస్తున్నారు. కర్ర చివర గుండ్రటి రేకు, ఒకవైపు ‘ఆగు’, ఇంకోవైపు ‘మెల్లగా’. ఎండలో ఎనిమిది గంటలు దాన్ని తిప్పుతూ నిలబడ్డవాడికి సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆల్బమ్ తెరవడం ఒక్కటే సుఖం.

సంతకం పెట్టించుకోవడంలో పని ఉంది. కార్డు మీద ఉండే మెరుపుకి మామూలు పెన్ను పనికిరాదు, గాడి పడుతుంది. ముందు మెత్తటి రబ్బరుతో ఆ మెరుపుని కొంచెం చంపాలి. నీలం పెయింటు పెన్ను కావాలి. దాన్ని బాగా ఊపి, పక్క కాగితం మీద ఒక గీత గీసి చూసుకోవాలి. సంతకం అయ్యాక కార్డుని అంచులతో పట్టుకుని పది నిమిషాలు ఆరనివ్వాలి. ఆ తర్వాతే ప్లాస్టిక్ కవర్లోకి తొయ్యాలి. ఆ పది నిమిషాలూ బల్లమీదికి టీ కప్పు కూడా రాకూడదని అతని భార్య నరెల్‌కి తెలుసు.

మిగిలిపోయింది పదమూడో నంబరు. వారెన్ టీగ్.

“ఏరా గ్లెన్, నీ పదమూడో పెళ్ళికూతురు ఒప్పుకుందా?” అని రోడ్డు పనిలో స్పడ్ అడిగేవాడు. టీ వేళకి తారు లారీ నీడలో కూర్చున్నప్పుడు వారానికి ఒకసారైనా ఆ మాట తప్పదు.

“ఇంకా లేదు.”

“ఎందుకురా ఆ ఎదురుచూపులు. ఇలా తే, నేను గీకేస్తా. వారెన్ అని రాయడం నాకూ వచ్చు.”

“నీకు స్పడ్ అని రాయడమే సరిగ్గా రాదు.”

“అందుకే రోడ్లేస్తున్నా. వస్తే నేనూ కౌన్సిల్ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునేవాణ్ణి.”

అందరూ నవ్వేవాళ్ళు. టీగ్ ఎందుకు సంతకం పెట్టడో మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఊళ్ళో అందరికీ తెలిసిందే.

పదమూడో కార్డు మీదున్న ఫొటోలో టీగ్ గాలిలో పక్కకి వాలి ఉంటాడు. చేతులు రెండూ బంతితో పరిగెడుతున్న అవతలి జట్టు కుర్రాడి నడుం చుట్టూ ఉంటాయి. ఆ కుర్రాడి పేరు జేసన్ క్విల్టీ, పందొమ్మిదేళ్ళు. ఫొటో తీసిన అర క్షణానికి ఇద్దరూ కిందపడ్డారు. ఒక్కడే లేచాడు. ఆ ఆటలో అది తప్పుడు పట్టు కాదు, రిఫరీ ఈల కూడా వెయ్యలేదు. కుర్రాడి తల నేలకి తగిలిన తీరు అలాంటిది. క్విల్టీ అప్పట్నుంచీ చక్రాల కుర్చీలోనే ఉన్నాడు.

ఫొటోగ్రాఫర్ దగ్గర టీగ్‌ది అదొక్క బొమ్మే బాగా వచ్చిందట. అచ్చుకిచ్చినవాళ్ళు ఇంకేం ఆలోచించలేదు. కార్డులు వచ్చిన వారంలోనే టీగ్ ఊరొదిలి, ఉత్తరాన అయిదు గంటల దూరంలో గొర్రెల పొలాలకి కంచెలు వేసే పనికి వెళ్ళిపోయాడు. మళ్ళీ బంతి ముట్టుకోలేదు. జట్టు ఎప్పుడు కలిసినా రాలేదు.

గ్లెన్ అతనికి ఏడుసార్లు రాశాడు. ప్రతిసారీ కార్డు, చిన్న చీటీ, తిరిగి పంపడానికి, పేరు లేకుండా ఇంటి అడ్రసు మాత్రం రాసి స్టాంపు అంటించిన కవరు పెట్టాడు. దూరాన ఉన్న ఆటగాళ్ళ సంతకాలు అందరూ అలాగే తెప్పించుకుంటారు. ఏడుసార్లూ కార్డు తిరిగొచ్చింది, సంతకం లేకుండా, ఒక్క ముక్క రాయకుండా. కాకపోతే మడత పడకుండా రెండు అట్టముక్కల మధ్య పెట్టి, చుట్టూ టేపు అంటించి మరీ పంపేవాడు. ఆ అట్టముక్కలు చూసి గ్లెన్ ఆశపడేవాడు. ఇంత జాగ్రత్తగా పంపేవాడు ఏదో ఒక రోజు పెట్టకపోడని.

“ఏడుసార్లు వద్దన్నాడాయన. ఎనిమిదోసారి గట్టిగా అరవాలా?” అంది నరెల్.

“వద్దని ఎక్కడన్నాడు? ఏమీ అనలేదు.”

“అదే మరి.”

మార్చి నెలలో కీత్ డ్రేపర్ పోయాడు. ఆ జట్టుకి కెప్టెన్ అతనే. గ్లెన్‌కి రోడ్డు పనిలో మొదటి మేస్త్రీ కూడా అతనే. పార ఎలా పట్టుకుంటే నడుం పట్టెయ్యదో, ఆదివారం తాగినవాడు సోమవారం ఆ సంగతి కనపడకుండా ఎలా పని చెయ్యాలో, అన్నీ కీత్ నేర్పినవే. ఊపిరితిత్తుల జబ్బుతో ఏడాది మంచాన పడి పోయాడు.

ఆ కబురు చెప్పింది స్పడ్. “పొద్దున్నే పోయాడు. నొప్పి తెలీకుండానే పోయాడంట. వాళ్ళావిడ లొరైన్, టీగ్‌కి ఫోన్ చేసిందట తెలుసా. వస్తానన్నాడట.”

కీత్ పోయాడని విన్న చెవితోనే టీగ్ వస్తున్నాడనీ విన్నాడు గ్లెన్. ఆ రెండింట్లో గుండె దేనికి ముందు కొట్టుకుందో అతనికి తెలుసు. ఆ సంగతి ఇంకెవరికీ తెలీదు గనక సరిపోయింది.

అంత్యక్రియలు శనివారం. ఆ పొద్దున నరెల్ తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తుంటే అతను గరాజులోకి వెళ్ళి, కార్డుని కవర్లోంచి తీసి, రబ్బరుతో ఒక మూలంతా నెమ్మదిగా రుద్దాడు. మళ్ళీ కవర్లో పెట్టాడు. చేతులు కడుక్కుని లోపలికొచ్చాడు. కోటు జేబులో పెన్ను పెట్టుకుంటుంటే నరెల్ చూసింది.

“పెన్నెందుకు?”

“చర్చిలో పుస్తకం పెడతారుగా, వచ్చినవాళ్ళు పేర్లు రాయడానికి.”

“పుస్తకం పెట్టేవాళ్ళు పెన్ను పెట్టరా?”

“ఒక్కోసారి సిరా అయిపోతుంది.”

ఆమె దగ్గరికొచ్చింది. అతని టై సరిచేసి, భుజం మీద లేని దుమ్ము దులిపింది.

చర్చికి అరగంట ముందే చేరారు. నరెల్ ఆడవాళ్ళతో కలిసి లోపలికెళ్ళింది. గ్లెన్ మెట్ల దగ్గర నిలబడి అందరితో చేతులు కలుపుతూ, కళ్ళు మాత్రం బళ్ళు ఆపే చోటు మీదే పెట్టాడు. చివర్న, కంచె పక్కన, ఎర్ర దుమ్ము పట్టిన పికప్ బండి ఒకటి ఉంది. లోపల ఒక మనిషి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. గ్లెన్ అటు నడిచాడు.

“వారెన్.”

కిటికీ అద్దం దిగింది. టీగ్ జుట్టంతా నెరిసిపోయింది. మెడ మీద చర్మం ఎండకి తోలులా అయింది. మనిషిని పోల్చుకోలేక చూస్తున్నాడు.

“గ్లెన్ పాస్కోని. మూడో జట్టు. నీళ్ళ బకెట్టు.”

“బకెట్టు,” అన్నాడు టీగ్. మొహం కొంచెం వదులైంది. “రెండో సగంలో మొత్తం నా నెత్తిన గుమ్మరించావు.”

“నువ్వే పొయ్యమన్నావు.”

“సగం పొయ్యమన్నా.”

ఇద్దరూ నవ్వారు. టీగ్ తలుపు తీసుకుని దిగాడు. చెయ్యి చాపితే గ్లెన్ పట్టుకున్నాడు. టీగ్ ఆ చెయ్యి వెంటనే వదల్లేదు.

“చాలాసేపట్నుంచి ఇక్కడే కూర్చున్నా. దిగుదామంటే కాళ్ళు రావట్లేదు. కీత్ ప్రతి క్రిస్మస్‌కీ రాసేవాడు, తెలుసా. మూడే లైన్లు. ఒక్కదానికీ జవాబియ్యలేదు నేను.” చర్చి తలుపు వైపు చూశాడు. “నాతో పాటు అక్కడిదాకా నడుస్తావా? పక్కన ఎవరన్నా ఉంటే వెళ్ళగలను.”

“నడుస్తా. ఎందుకు నడవను.”

అక్కడ నోరు మూసుకుని నడిచుంటే సరిపోయేది. తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా గ్లెన్ ఆ చోట ఆగిపోతాడు. కానీ మెట్లెక్కితే జనం చుట్టుముడతారు, ఆ తర్వాత ఇతను ఒక్కడు దొరకడు, ఇంక మళ్ళీ ఎప్పటికీ రాడు అనే లెక్క అప్పటికే లోపల నడుస్తోంది. చెయ్యి దానంతటదే కోటులోకి వెళ్ళింది.

“ఒక్క నిమిషం వారెన్. ఒక్క చిన్న పని. ఇదొక్కటే మిగిలింది నాకు.”

కార్డు కవర్లోంచి తీసి చూపించాడు. టీగ్ దాన్ని చేతిలోకి తీసుకోలేదు. గ్లెన్ చేతిలో ఉండగానే చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఆ ఉత్తరాలు నువ్వేనా?”

“నేనే.”

“అక్షరాలు చూసి ఎవరో చిన్నపిల్లాడనుకున్నా,” అన్నాడు టీగ్. “పిల్లాడి కార్డు పాడవకూడదని అట్టలు పెట్టేవాణ్ణి.”

గ్లెన్‌కి మొహం చెవుల దాకా కాలింది. అయినా కార్డు జేబులో పెట్టుకోలేదు. అక్కడ కూడా పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు.

టీగ్ పెన్ను తీసుకున్నాడు. బండి ముందు రేకు మీద కార్డు పెట్టి, అరచేత్తో దుమ్ము తుడిచి, పూర్తి పేరు రాశాడు. తొందరపడలేదు. ప్రతి అక్షరమూ రాశాడు. పెన్ను మూత పెట్టి తిరిగిచ్చాడు.

“ఇదేనా కావల్సింది?”

“వారెన్, నేనేమీ…”

“అయిపోయిందిగా.” బండెక్కి కూర్చున్నాడు. తాళం తిప్పబోయి ఆగాడు. “నువ్వు అటునుంచి నడిచొస్తుంటే, నన్ను చూడ్డానికి వస్తున్నావనుకున్నా.”

బండి కంకర మీద మెల్లగా కదిలింది. కోపంగా కూడా పోలేదతను. గేటు దగ్గర ఆగి, లోపలికొస్తున్న ముసలామెకి దారిచ్చి, ఉత్తరం వైపు తిరిగాడు.

చర్చి వైపు నుంచి ఎవరో వస్తున్నారు. గ్లెన్ కార్డుని కవర్లో కాదు, ఉత్తదాన్నే చొక్కా జేబులోకి తోసేశాడు. పది నిమిషాల సంగతి గుర్తు రాలేదు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి గుర్తు రాలేదు.

వచ్చింది క్లబ్బు సెక్రటరీ నోయెల్. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. “టీగ్ ఏడీ? ఇప్పుడే బండి చూశాను.”

“వెళ్ళిపోయాడు.”

“వెళ్ళిపోవడమేంటి? ఎందుకు?”

గ్లెన్ గేటు వైపు చూశాడు. “ఏమో.”

“మళ్ళీ పారిపోయాడన్నమాట,” అన్నాడు నోయెల్. కాగితం విప్పి చూపించాడు. కీత్ చేతిరాత. శవపేటిక మొయ్యడానికి ఆరు పేర్లు. ముందు, ఎడమవైపు, టీగ్. కింద ఇంకో లైను. ‘ముందే చెప్పకండి, రాడు. వచ్చాక చెప్పండి, కాదనడు.’

“కీత్ అంత నమ్మాడు వాణ్ణి,” అన్నాడు నోయెల్. “సరే, టైమైపోతోంది. నువ్వు పట్టు. నీదీ వాడి ఎత్తే.”

“నేనా? వద్దు నోయెల్. ఇంకెవర్నన్నా చూడు.”

“ఎవర్ని చూడను? కీత్ నీకు గురువు కదరా. పద.”

ప్రార్థన అయ్యాక పేటిక ఎత్తారు. మీద కీత్ జెర్సీ పరిచి ఉంది, నలుపూ పసుపూ, మోచేతుల దగ్గర కుట్లు వేసి. ముందు ఎడమవైపు నిలబడ్డవాడికి బరువు కుడి భుజం మీద పడుతుంది. అరిగిన భుజం అదే. ఎడమ చెయ్యి గుండెల మీదుగా తెచ్చి పేటిక అంచు పట్టుకోవాలి. పట్టుకున్నాడు. మోచెయ్యి చొక్కా జేబుని అదుముతోంది. కార్డు మూల చర్మానికి గుచ్చుకుంటోంది. చర్చి లోపల్నుంచి శవాన్ని తీసుకెళ్ళే బండి దాకా ముప్ఫై అడుగులుంటుంది. దారికి రెండువైపులా పాత జట్టు చేతులు కట్టుకుని నిలబడింది. అందులో ఇద్దరు గ్లెన్‌ని చూసి గర్వంగా తలూపారు. ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళు అతన్ని ఎప్పుడైనా అలా చూస్తే చాలనుకున్నాడు.

క్లబ్బులో గుడ్డు శాండ్‌విచ్‌లు, సాసేజి రోల్స్, బీరు పెట్టారు. నోయెల్ గ్లాసు పట్టుకుని గ్లెన్ భుజం మీద చెయ్యేశాడు, సరిగ్గా నొప్పున్న చోట.

“అందరూ వినండి. ఇతని కార్డులు మన హాల్లో గాజు పెట్టెలో పెడదాం. కింద గ్లెన్ పాస్కో అని ఇత్తడి పలక పెడదాం. ఏమంటారు? పదహారైనా చాలు. పదమూడో చోట ‘పరుగు మీదున్నాడు’ అని రాసి పెడదాం.”

అందరూ నవ్వారు. “కంచెలు వేసేవాడికి కంచె దూకడం ఒక లెక్కా,” అని వెనక్నించి ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వారు. గ్లెన్ బీరు నురగ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాట చాలు. ఆ మాట నోట్లో ఉంది. బీరుతో పాటు మింగాడు.

వెళ్ళేముందు లొరైన్ వచ్చింది. ఆమె ఏడ్చి ఏడ్చి మొహం వాచి ఉంది. అతని రెండు చేతులూ పట్టుకుంది. “నువ్వు లేకపోతే ఆయన్ని అయిదుగురే మోసేవాళ్ళు గ్లెన్. వారెన్‌ని కూడా ఏమనకండి. దగ్గరికొచ్చాక భయపడి ఉంటాడు. కీత్ ఉంటే అర్థం చేసుకునేవాడు.”

“అవునండీ,” అన్నాడు గ్లెన్. అవునండీ అన్నాడు.

మర్నాడు పొద్దున నరెల్ ఉతకడానికి బట్టలు వేరు చేస్తోంది. అతను టీ తాగుతున్నాడు. ఆమె చొక్కా తీసుకుని వంటింట్లోకొచ్చింది. జేబు బయటికి తిరగేసి ఉంది. తెల్లగుడ్డ మీద నీలం మరక. మరక అంటే మరకా కాదు. చివర అక్షరాలు తిరగబడి, ఇంకా చదవడానికొచ్చేలా ఉన్నాయి.

ఆమె దాన్ని కిటికీ అద్దం ముందు పట్టుకుంది. అద్దంలో పేరు సరిగ్గా నిలబడింది.

“టీగ్,” అని చదివింది. “చర్చి దగ్గరా?”

అతను తలూపాడు.

“లోపలా, బయటా?”

“బయట. బళ్ళ దగ్గర.”

“ఆయన వెళ్ళిపోయింది నీవల్లేనా?”

అతను కప్పు బల్ల మీద పెట్టాడు. 

“ఆ పెట్టె మోస్తున్నప్పుడు ఇది జేబులో ఉందా, గ్లెన్? కీత్ పెట్టె మోస్తున్నప్పుడు?” ఆమె గొంతు పెంచలేదు. పెంచితే అతను కూడా ఏదో ఒకటి అనేవాడు. “నిన్న అందరూ నిన్ను పొగుడుతుంటే, నా మొగుడు అని చెప్పుకుంటూ తిరిగాను నేను.”

చొక్కా కుర్చీ మీద వేసి వెళ్ళిపోయింది. ఉతకలేదు.

గరాజులో కార్డు చూసుకున్నాడు. ముందు సగం పేరు ఉంది, వెనక సగం టీగ్ అనే చోట పాక్కుంటూ పోయినట్టు చెరిగి, క్విల్టీ మొహం మీదుగా నీలంగా సాగింది. ఆల్బమ్‌లో ఆ గది ఖాళీగా ఉంది. అందులో పెట్టడానికి చెయ్యి రాలేదు. బాగానే వచ్చుంటే పెట్టుకునేవాణ్ణా అని తనని తానే అడిగాడు. పెట్టుకునేవాణ్ణే అనిపించింది. అదే ఇంకా సిగ్గుగా ఉంది.

సోమవారం పని దిగాక లొరైన్ ఇంటికెళ్ళాడు. తారు అంటిన బూట్లు గుమ్మం బయట విప్పాడు. ఆమె టీ పెడతానంటే వద్దన్నాడు. నిలబడే చెప్పాడు. చిన్న పని అన్నదీ, చిన్నపిల్లాడి అక్షరాలన్నదీ, నోయెల్‌తో ఏమో అన్నదీ, తర్వాత ఆమెతో అవునండీ అన్నదీ, ఏదీ దాచలేదు. చెప్తున్నంతసేపూ ఫ్రిజ్ మీద అంటించిన కీత్ ఫొటో ఎదురుగా ఉంది.

లొరైన్ కుర్చీలో కూర్చుంది. బల్లమీద ఉన్న ఉప్పు సీసా కొంచెం పక్కకి జరిపింది.

“నాలుగుసార్లు ఫోన్ చేస్తే గానీ ఒప్పుకోలేదు వాడు,” అంది. “నాలుగోసారి, ఎవరూ ఆ సంగతి ఎత్తరు, నాది పూచీ అన్నాను.”

“క్షమించండి లొరైన్.”

“నాకెందుకు చెప్తావు ఆ మాట? నాతో చెప్పేసి నువ్వు తేలికపడి ఇంటికి పోతే చాలా? వాణ్ణి పారిపోయినవాడని క్లబ్బులో అన్నారు. అందరి ముందూ అన్నారు. నువ్వక్కడే కూర్చుని విన్నావు.”

“విన్నాను.”

“అక్కడికే పోయి ఆ మాట తీసెయ్యి. తీసేసేదాకా నా గుమ్మం ఎక్కకు.”

ఆదివారం మధ్యాహ్నం క్లబ్బులో మాంసం లాటరీ ఉంటుంది, టికెట్టు తగిలినవాళ్ళకి మాంసం పొట్లాలిస్తారు. ఊళ్ళో సగం మంది అక్కడే ఉంటారు. నోయెల్ మైకు పట్టుకుని టికెట్లు పిలుస్తున్నాడు. గ్లెన్ వెళ్ళి మైకు అడిగాడు. గాజు పెట్టె గురించి మాట్లాడతాడనుకుని నోయెల్ నవ్వుతూ ఇచ్చాడు. నరెల్ వెనక బల్ల దగ్గర కూర్చుంది. రమ్మని అతను అడగలేదు. ఆమే వచ్చింది.

“వారెన్ టీగ్ పారిపోలేదు,” అన్నాడు గ్లెన్. మైకులో తన గొంతు తనకే వేరేవాడిదిలా వినిపించింది. “లోపలికి రావడానికే వచ్చాడు. నన్ను తోడు రమ్మన్నాడు. నేను కార్డు తీసి సంతకం పెట్టమన్నాను. ఆ ఫొటో ఉన్న కార్డే. పెట్టి వెళ్ళిపోయాడు. నోయెల్ అడిగితే నేను తెలీదన్నాను. అంతే.”

 “అంత్యక్రియల్లోనా?” అంది ఒకావిడ, పక్కావిణ్ణి అడిగినట్టు. పాత జట్టువాళ్ళు ఒకే బల్ల దగ్గర ఉన్నారు. పోయిన వారం తలూపిన ఇద్దరూ ఇప్పుడు టికెట్లు చూసుకుంటున్నారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

నోయెల్ మైకు తీసుకున్నాడు. కాసేపు దాన్ని చేతిలో తిప్పాడు. “నీలం టికెట్టు, నలభై రెండు,” అన్నాడు. “పంది పక్కటెముకలు.”

గాజు పెట్టె మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ వారం గ్లెన్ కార్డుని రెండు అట్టముక్కల మధ్య పెట్టాడు. టీగ్ పంపిన అట్టలే. టేపు అంటించాడు. ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాడు. చివరికి ఒక చీటీ మీద, ‘ఇన్నాళ్ళూ రాసింది పిల్లాడు కాదు, యాభై నాలుగేళ్ళవాడు. క్లబ్బులో అందరికీ జరిగింది చెప్పాను. నీది నీకు పంపిస్తున్నాను’ అని రాశాడు. తిరుగు కవరు పెట్టలేదు. స్టాంపుల డబ్బాలోంచి ఎప్పుడూ రెండు చించే అలవాటు చేతికి, ఒకటి పైకవరుకి, ఒకటి తిరుగు కవరుకి. రెండోది మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

పనిలో స్పడ్ టీ వేళకి పక్కనే కూర్చుంటాడు. వానల గురించి మాట్లాడతాడు. పెళ్ళికూతురి మాట ఎత్తడు. ఆ వేళాకోళం కోసం తను ఎంత ఎదురుచూసేవాడో గ్లెన్‌కి ఇప్పుడు తెలుస్తోంది.

మే నెలలో లొరైన్ బజారులో నరెల్‌కి కనపడి, “గురువారం వారెన్ వస్తున్నాడు, సమాధి చూడ్డానికి. గ్లెన్‌ని అటు రావద్దని చెప్పు,” అంది. నరెల్ చెప్పింది. అతను సరేనన్నాడు. ఎలాగూ గురువారం పనుంది.

గురువారం పని ఉత్తరం రోడ్డు మీద పడింది. ఆ వారం తారు వేసే వరస అది. ఒకవైపే బళ్ళు వదులుతున్నారు. గ్లెన్ ఉత్తరం వైపు చివర బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. పది దాటాక, ‘ఆగు’ తిప్పి ఉన్నప్పుడు, ఎర్ర దుమ్ము పట్టిన పికప్ వచ్చి పదడుగుల దూరంలో ఆగింది.

వెడల్పాటి టోపీ, నల్ల కళ్ళద్దాలు, పసుపు చొక్కా. ఈ వేషంలో సొంత తల్లి కూడా పోల్చుకోదు. అయినా గ్లెన్ టోపీ అంచు ఇంకొంచెం కిందికి లాక్కున్నాడు. అవతల లారీ తారు పోస్తోంది, చాలా నెమ్మదిగా పోస్తోంది. బోర్డు తిప్పడానికి వీల్లేదు. నాలుగు నిమిషాలు టీగ్‌ని అక్కడ ఆపి ఉంచాడు. ఒకసారి చర్చి దగ్గర ఆపాడు, ఇది రెండోసారి. దగ్గరికెళ్ళి ఒక మాట అనొచ్చు. కాళ్ళు అటు పోదామనుకున్నాయి. ఈసారి కదల్లేదు.

అవతల్నించి స్పడ్ చెయ్యెత్తాడు. గ్లెన్ బోర్డు ‘మెల్లగా’ వైపు తిప్పాడు.

పికప్ కదిలింది. పక్కనుంచి పోతున్నప్పుడు, స్టీరింగు మీదున్న చేతిలో ఒక వేలు పైకి లేచింది. ఆ దారుల్లో బండి నడిపేవాళ్ళు ఎదురైన ఎవరికైనా ఎత్తే వేలే అది. తెలిసినవాడికీ, తెలియనివాడికీ, రోడ్డు పనివాడికీ. టీగ్ కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి.

గ్లెన్ కూడా కర్ర మీద నుంచి ఒక వేలు ఎత్తాడు. అప్పటికి బండి దాటిపోయింది. వెనక ఇంకా అయిదు బళ్ళున్నాయి. అన్నిటినీ వదిలి, బోర్డు మళ్ళీ తిప్పాడు.